ఊరందరి చానెల్ – తాళంచెవి ఎవరి దగ్గర?

ఉపోద్ఘాతం

పొదుపు సంఘం డబ్బును బ్యాంకులో దాచుకొనేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తారని మీకు తెలుసు. ఖాతా సంఘం పేరున ఉంటుంది. డబ్బు తీయాలంటే సంఘం ఎన్నుకొన్న నాయకురాళ్ళు ఇద్దరు సంతకం చేయాలి. ఒక్కరి సంతకం చాలదు. నాయకురాలు మారితే సంఘం తీర్మానం రాసి, దాని నకలు బ్యాంకుకు ఇచ్చి, సంతకాలు మార్పించుకొంటుంది. ఇది ఎవరిమీదో అనుమానంతో పెట్టిన పద్ధతి కాదు. సొమ్ము అందరిది కాబట్టి పెట్టిన పద్ధతి.

ఇప్పుడు అనేక గ్రామాలలో, కాలనీలలో డబ్బు కాని మరొక ఉమ్మడి ఆస్తి ఏర్పడుతున్నది. అదే ఆ సమాజం నడుపుకొనే ప్రత్యక్ష ప్రసార చానెల్. జాతర, బోనాలు, పాఠశాల వార్షికోత్సవం, కబడ్డీ పోటీ, గ్రామసభ – ఇలాంటివాటిని సెల్‌ఫోన్‌తోనో కెమెరాతోనో చిత్రించి, జరుగుతుండగానే యూట్యూబ్ వంటి వేదికల ద్వారా చూపుతున్నారు. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్నవారు, కూలికి ముంబయి వెళ్ళినవారు, గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్నవారు తమ ఊరి ఉత్సవాన్ని చూసి సంతోషిస్తున్నారు.

అయితే ఈ ఆస్తికి సంతకాల పద్ధతి ఉన్నదా? చాలాచోట్ల లేదు. ఒక యువకుడి ఫోనులో పుట్టిన చానెల్ ఆ ఫోనులోనే ఉండిపోతుంది. ఈ పాఠంలో ఉమ్మడి చానెల్‌ను నలుగురూ కలిసి క్షేమంగా ఎలా నడుపుకోవాలో తెలుసుకొందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ప్రత్యక్ష ప్రసారం ఎలా జరుగుతుందో వివరించగలుగుతారు;
• ఒకే పాస్‌వర్డ్‌ను పలువురు వాడడంవల్ల కలిగే చిక్కులను గుర్తించగలుగుతారు;
• చేసే పనినిబట్టి ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో నిర్ణయించగలుగుతారు;
• చానెల్ నిర్వహణకు అవసరమైన నియమాలను మీ సంఘం తరఫున రాయగలుగుతారు;
• చానెల్ పరుల చేతిలో పడినప్పుడు తీసుకోవలసిన చర్యలను చెప్పగలుగుతారు.

1. ప్రత్యక్ష ప్రసారం ఎలా జరుగుతుంది?

కెమెరా పట్టిన దృశ్యం, మైకు పట్టిన ధ్వని ముందుగా ఒక కంప్యూటర్‌లోకిగాని సెల్‌ఫోన్‌లోకిగాని చేరతాయి. అక్కడ వాటిని ఇంటర్నెట్‌లో పంపడానికి వీలుగా కుదించి మారుస్తారు. ఈ పని చేసే పరికరాన్ని లేదా ప్రోగ్రామును ఎన్‌కోడర్ అంటారు. ఎన్‌కోడర్ నుంచి దృశ్యం యూట్యూబ్ వారి కంప్యూటర్లకు చేరి, అక్కడినుంచి కొన్ని సెకన్ల ఆలస్యంతో ప్రేక్షకుల తెరమీదికి వస్తుంది.

ఎవరు పంపే దృశ్యం ఏ చానెల్‌కు చెందుతుందో ఆ కంప్యూటర్లకు ఎలా తెలుస్తుంది? రెండు మార్గాలున్నాయి. మొదటిది, చానెల్ ఖాతాలోకి ప్రవేశించి ప్రసారం చేయడం. రెండవది, చానెల్‌కు ఇచ్చిన స్ట్రీమ్ కీని ఎన్‌కోడర్‌లో నమోదు చేయడం. అక్షరాలు, అంకెలు కలిసిన రహస్య సంకేతమే స్ట్రీమ్ కీ. అంటే చానెల్ ఇంటికి రెండు తలుపులున్నాయన్నమాట. రెండింటికీ కాపలా అవసరం.

మొదటిసారి ప్రసారం చేయదలచినవారు మరికొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. యూట్యూబ్‌లో ముందుగా ఫోన్ నంబరును ధ్రువీకరించుకోవాలి. ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి కోరిన తరువాత అది అమలులోకి రావడానికి 24 గంటలదాకా పట్టవచ్చు. సెల్‌ఫోన్ యాప్ నుంచి నేరుగా ప్రసారం చేయాలంటే చానెల్‌కు కనీసం 50 మంది చందాదారులు ఉండాలి. కాబట్టి జాతర రేపనగా ఈరోజు చానెల్ ప్రారంభిస్తే పని జరగకపోవచ్చు.

2. రేడియో నేర్పిన పాఠం

ఉమ్మడి ప్రసార సాధనాన్ని సమాజం నడుపుకోవడం మనకు కొత్త కాదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. క్రికెట్ పోటీల ప్రసారానికి సంబంధించి వచ్చిన ఆ వ్యాజ్యంలో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం ప్రకటించింది. నేపాల్‌లో 1997లో రేడియో సాగర్‌మాథా ప్రారంభమయింది. దక్షిణాసియాలో సామాజిక రేడియోకు అది దారి చూపింది. మన దేశంలో 2002లో విద్యాసంస్థలకు సామాజిక రేడియో అనుమతులిచ్చే విధానం వచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం వారి అన్నా ఎఫ్.ఎం. మొదలయింది. 2006లో ఈ అవకాశాన్ని స్వచ్ఛంద సంస్థలకు కూడా విస్తరించారు.

తెలుగు నేలమీద 2008 అక్టోబరు 15న, అప్పటి మెదక్ జిల్లాలోని (ఇప్పటి సంగారెడ్డి జిల్లా) జహీరాబాద్ సమీపాన మాచనూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాల రేడియో అది. పొలం పనులు చేసుకొనే దళిత మహిళలు మైకు పట్టి, తమ పంటల గురించి, తమ పాటల గురించి, తమ మాటలోనే కార్యక్రమాలు తయారుచేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 2006 విధానం ప్రకారం సామాజిక రేడియో అనుమతి వ్యక్తులకు ఇవ్వరు. రాజకీయ పార్టీలకు కూడా ఇవ్వరు. లాభాపేక్ష లేని సంస్థకు మాత్రమే ఇస్తారు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానిక ప్రజల భాగస్వామ్యంతో తయారుకావాలి. అంటే, రేడియో ఒక్కరి సొంతం కాకుండా ప్రభుత్వ నియమమే కాపాడుతున్నది.

ఇంటర్నెట్ చానెల్ సంగతి ఇందుకు భిన్నం. దానికి అనుమతిపత్రం అక్కరలేదు. ఒక వ్యక్తి తన ఈమెయిల్ ఖాతాతో ఐదు నిమిషాలలో చానెల్ తెరవవచ్చు. ఇది గొప్ప సౌలభ్యమే. కాని చానెల్ ఆ వ్యక్తి ఖాతాకు అంటిపెట్టుకొని పుడుతుంది. ఊరి పేరు పెట్టినంత మాత్రాన అది ఊరిది కాదు. రేడియో విషయంలో ప్రభుత్వం పెట్టిన కట్టుబాటును ఇక్కడ సమాజమే తనకు తాను పెట్టుకోవాలి.

పాఠగత ప్రశ్నలు – 1

ఖాళీలను పూరించండి.

(అ) దృశ్యాన్ని, ధ్వనిని ఇంటర్నెట్‌లో పంపడానికి వీలుగా మార్చేదాన్ని ........ అంటారు.
(ఆ) ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు ........ సంవత్సరంలో తీర్పు చెప్పింది.
(ఇ) సామాజిక రేడియో అనుమతిని ........ ఇవ్వరు, లాభాపేక్ష లేని సంస్థలకు ఇస్తారు.

3. ఒకే పాస్‌వర్డ్ – అనేక చిక్కులు

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక ఊరి ఉత్సవ కమిటీ చానెల్ పెట్టుకొన్నదనుకోండి. కమిటీలో చదువుకొన్న యువకుడొకడు తన సొంత ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో దాన్ని తెరిచాడు. నాలుగేళ్ళలో నాలుగు జాతరలు, రెండు నాటక ప్రదర్శనలు, చనిపోయిన ఒక పెద్ద కళాకారుడి చివరి యక్షగానం అందులో చేరాయి. పని పెరిగేసరికి పాస్‌వర్డ్‌ను మరో ఐదుగురికి చెప్పారు. మరిచిపోకుండా కమిటీ గదిలో గోడమీద కూడా రాశారు.

తరువాత ఆ యువకుడు ఉద్యోగానికి దుబాయి వెళ్ళాడు. ఐదవ ఏట జాతర రాత్రి కమిటీ సభ్యుడొకరు కొత్త ఫోనుతో ఖాతాలోకి ప్రవేశించబోయారు. కొత్త ఫోను కావడంవల్ల, ప్రవేశించేది అసలు ఖాతాదారేనా అని గూగుల్ అడిగింది. ధ్రువీకరణ సంఖ్య యువకుడి ఫోనుకు వెళ్ళింది. అతడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు. ఫోను లాకర్‌లో ఉంది. అమ్మవారి ఊరేగింపు సాగిపోయింది. ప్రసారం జరగలేదు. దూరాన ఉన్నవారు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. యువకుడు చానెల్‌ను దాచుకోలేదు. సభ్యుడు దొంగతనంగా ప్రవేశించలేదు. లోపం అమరికలో ఉంది. ఒకే పాస్‌వర్డ్ పలువురి చేతిలో ఉన్నప్పుడు కలిగే చిక్కులు ఇవి:

(1) ఎవరు ఏ పని చేశారో తెలియదు. ఒక వీడియో మాయమైతే ఆరుగురిమీదా అనుమానం వస్తుంది. నిర్దోషి కూడా నిరూపించుకోలేడు.

(2) ఒకరిని తప్పించాలంటే అందరికీ తాళం మార్చాలి. కమిటీనుంచి వెళ్ళిపోయినవారికి పాత పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది.

(3) చిన్న పనికి పెద్ద అధికారం ఇచ్చినట్లవుతుంది. ఒక్క గంట కెమెరా చూసుకొనేవారికి చానెల్‌ను పూర్తిగా తొలగించే అధికారం కూడా దక్కుతుంది.

(4) పాస్‌వర్డ్ ఈమెయిల్ ఖాతాది. అది తెలిసినవారు చానెల్‌నే కాదు, ఆ వ్యక్తి ఉత్తరాలను, ఫొటోలను కూడా చూడగలరు.

(5) రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం కష్టమవుతుంది. పాస్‌వర్డ్ తరువాత ఫోనుద్వారా మరొకసారి ధ్రువపరచుకోవడమే రెండంచెల ధ్రువీకరణ. ఆరుగురికి ఒకే ఫోను ఉండదు కదా. అందుకని చాలామంది ఆ రక్షణనే తీసివేస్తారు.

4. పంచుకోవలసినది పని, పాస్‌వర్డ్ కాదు

ఈ చిక్కులకు పరిష్కారం యూట్యూబ్‌లోనే ఉంది. చానెల్ యజమాని ఇతరులను వారి వారి సొంత ఈమెయిల్ ఖాతాల ద్వారా ఆహ్వానించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క స్థాయి అనుమతి ఇవ్వవచ్చు. ఎవరి పాస్‌వర్డ్ వారిదే. ఎవరి ఫోను ధ్రువీకరణ వారిదే. ఒకరిని తప్పించవలసివస్తే వారి అనుమతిని మాత్రమే తీసివేస్తే చాలు; మిగిలినవారికి ఏ ఇబ్బందీ ఉండదు. అనుమతి స్థాయిలు ఈ విధంగా ఉంటాయి:

యజమాని (ఓనర్): అన్ని పనులూ చేయవచ్చు. చానెల్‌ను తొలగించే అధికారం యజమానికి మాత్రమే ఉంటుంది.

మేనేజర్: వీడియోలు చేర్చవచ్చు, తొలగించవచ్చు, ప్రసారాలు నడపవచ్చు. ఇతరులకు అనుమతులు ఇవ్వవచ్చు, తీసివేయవచ్చు. చానెల్‌ను మాత్రం తొలగించలేరు.

ఎడిటర్: వీడియోలు చేర్చవచ్చు, వివరాలు సరిదిద్దవచ్చు, ప్రసారం నడపవచ్చు. అప్పటికే ప్రచురించిన వీడియోలను తొలగించలేరు. అనుమతులు మార్చలేరు.

పరిమిత ఎడిటర్: ఎడిటర్ చేసే పనులే చేస్తారు. చానెల్ ఆదాయ వివరాలు మాత్రం వారికి కనిపించవు.

ఉపశీర్షికల ఎడిటర్: వీడియోల కింద కనిపించే అక్షరాలను రాయడం, సరిదిద్దడం వరకే.

వ్యూయర్: లోపలి వివరాలు చూడవచ్చు. దేనినీ మార్చలేరు. ఆదాయం కనిపించని పరిమిత వ్యూయర్ స్థాయి కూడా ఉంది.

అనుమతి ఇచ్చే విధానం సులభమే. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, సెట్టింగ్‌లలో అనుమతుల విభాగానికి వెళ్ళి, ఆహ్వానించదలచినవారి ఈమెయిల్ చిరునామా రాసి, స్థాయిని ఎంచుకొని పంపాలి. అవతలివారు తమకు వచ్చిన ఈమెయిల్ తెరిచి ఆహ్వానాన్ని అంగీకరించాలి. ఆ ఆహ్వానానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఇలాంటి వేదికల నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. అందువల్ల స్థాయిని ఎంచుకొనేటప్పుడు తెరమీద దాని పక్కన ఉన్న వివరణను తప్పక చదవండి.

ఇప్పుడు మన ఉదాహరణలోని కమిటీకి పనులు పంచుదాం. అధ్యక్షురాలు, కార్యదర్శి చానెల్ బాధ్యత వహిస్తారు. సాంకేతిక విషయాలు తెలిసిన ఒకరికి మేనేజర్ స్థాయి చాలు. జాతర రోజు ప్రసారం నడిపే ఇద్దరికి ఎడిటర్ లేదా పరిమిత ఎడిటర్ స్థాయి ఇవ్వవచ్చు. లెక్కలు చూసే కోశాధికారికి వ్యూయర్ స్థాయి సరిపోతుంది. దుబాయిలో ఉన్న యువకుడికి వీడియోల కింద వివరాలు రాసే ఓపిక ఉంటే, అతడు అక్కడినుంచే ఎడిటర్‌గా కొనసాగవచ్చు.

ప్రసారం సాగుతుండగా ప్రేక్షకులు రాసే మాటలను గమనించడానికి మోడరేటర్లను నియమించవచ్చు. వారు అసభ్యమైన రాతలను తొలగించగలరు. ఈ పనికి చానెల్‌లోకి ప్రవేశం అక్కరలేదు. ఊరిలో గొడవలకు దారితీసే మాటలు ఒక్కోసారి ఇక్కడే మొదలవుతాయి. కాబట్టి ఓర్పు గల ఇద్దరిని ఈ పనికి కూర్చోబెట్టడం మంచిది.

అన్ని స్థాయిలకూ వర్తించే సూత్రం ఒక్కటే: పనికి ఎంత అవసరమో అంతే అనుమతి, పని ఎంతకాలమో అంతకాలమే అనుమతి.

5. స్ట్రీమ్ కీ – రెండవ తలుపు

జాతర చిత్రించడానికి పట్టణంనుంచి వీడియోగ్రాఫరును పిలిపించారనుకోండి. అతడికి చానెల్‌లో ఏ స్థాయీ ఇవ్వనవసరం లేదు. స్ట్రీమ్ కీ ఇస్తే చాలు. అతడు తన ఎన్‌కోడర్‌లో దానిని నమోదు చేసి దృశ్యం పంపుతాడు. ఈ కీతో పాత వీడియోలు తొలగించడం, అనుమతులు మార్చడం సాధ్యం కాదు.

కాని కీ దగ్గరున్నవారు మీ చానెల్ పేరుతో దృశ్యం పంపగలరన్నది మరువకూడదు. జాతర ముగిసిన మరునాడు ఆ కీని రీసెట్ చేయాలి. అప్పుడు పాత కీ చెల్లదు. వాట్సాప్ గ్రూపులో కీని పెట్టకూడదు. కంప్యూటర్ తెరను ఫొటో తీసి పంపేటప్పుడు కీ అందులో కనిపిస్తున్నదేమో చూసుకోవాలి.

పాఠగత ప్రశ్నలు – 2

కిందివి సరైనవో కావో చెప్పండి.

(అ) ఎడిటర్ స్థాయి గలవారు ఇతరులకు అనుమతులు ఇవ్వగలరు.
(ఆ) చానెల్‌ను తొలగించే అధికారం యజమానికి మాత్రమే ఉంటుంది.
(ఇ) స్ట్రీమ్ కీ ఉన్నవారు చానెల్‌లోని పాత వీడియోలను తొలగించగలరు.
(ఈ) మోడరేటర్‌కు చానెల్ పాస్‌వర్డ్ చెప్పవలసిన అవసరం లేదు.

6. యాజమాన్యం ఎవరి పేరున?

పనులు ఎంత బాగా పంచుకొన్నా యజమాని ఖాతా ఒక్కరి సొంతమైతే చిక్కు తీరదు. ఆ వ్యక్తి ఊరు విడిచినా, మనసు విరిగినా, మరణించినా చానెల్ భవిష్యత్తు అగమ్యమవుతుంది. పైన చెప్పిన ఆహ్వాన పద్ధతిలో మేనేజర్‌ను నియమించవచ్చుగాని, యాజమాన్యాన్ని మరొకరికి బదిలీ చేయడం కుదరదు. అందువల్ల మొదటినుంచే ఈ జాగ్రత్తలు పాటించాలి:

(1) సంఘం పేరున ప్రత్యేకంగా కొత్త ఈమెయిల్ ఖాతా తెరవాలి. ఎవరి సొంత ఖాతాతోనూ చానెల్ ప్రారంభించకూడదు. ఇప్పటికే ఒకరి సొంత ఖాతాలో ఉన్న చానెల్‌ను బ్రాండ్ అకౌంట్ అనే ఏర్పాటులోకి మార్చుకొనే వీలుంది. బ్రాండ్ అకౌంట్‌కు ఒకరికంటె ఎక్కువమంది యజమానులు ఉండవచ్చు. వారిలో ఒకరు ప్రధాన యజమాని. ఎవరి సొంత ఖాతాతో వారు అందులోకి ప్రవేశిస్తారు.

(2) సంఘం ఖాతా పోయినప్పుడు తిరిగి పొందడానికి నమోదు చేసే ఫోను ఒక బాధ్యుడిది, ఈమెయిల్ మరొక బాధ్యుడిది కావాలి.

(3) రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టాలి. అప్పుడు గూగుల్ 10 అత్యవసర సంకేతాలు ఇస్తుంది. ఫోను అందుబాటులో లేనప్పుడు వీటిని వాడవచ్చు. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వీటిని, పాస్‌వర్డ్‌ను కాగితంమీద రాసి, కవరులో పెట్టి, ఇద్దరు బాధ్యులు కవరుమీద సంతకాలు చేసి, తీర్మానాల పుస్తకంతోపాటు బీరువాలో భద్రపరచాలి. మన ఉదాహరణలోని కమిటీకి ఆ రాత్రి ఇలాంటి కవరు ఒక్కటి ఉంటే ఊరేగింపు ప్రసారమయ్యేది.

(4) చానెల్ సంఘానిదని, దాని బాధ్యులు ఫలానావారని తీర్మానం రాసి సభ్యులందరూ సంతకాలు చేయాలి. బాధ్యులు మారినప్పుడల్లా కొత్త తీర్మానం రాయాలి. అదేరోజు కంప్యూటర్‌లో కూడా అనుమతులు మార్చాలి. పుస్తకంలో మార్చి తెరమీద మార్చకపోతే ప్రయోజనం లేదు.

(5) ముఖ్యమైన వీడియోలకు సంఘం వద్ద సొంత నకలు ఉండాలి. యూట్యూబ్‌లో 12 గంటలకు మించని ప్రత్యక్ష ప్రసారాన్ని ఆ వేదికే భద్రపరుస్తుంది. అయినా చానెల్ పోతే అదీ పోతుంది. ఆ పెద్ద కళాకారుడి యక్షగానాన్ని మళ్ళీ చిత్రించలేరు కదా. ఒక హార్డ్ డిస్కులో నకలు తీసి ఉంచితే, చానెల్‌కు ఏమైనా ఆ కళ మిగులుతుంది.

7. వంతులు, కట్టుబాట్లు

తాళాలు సరిచేసుకొంటే సగం పని అయినట్లే. మిగతా సగం మనుషులకు సంబంధించినది. ఊరందరి చానెల్‌లో ఊరందరూ కనిపిస్తున్నారా? ఒక వాడ ఊరేగింపును మూడు గంటలు చూపి, మరో వాడ బోనాలను ఐదు నిమిషాలు చూపితే అది ఉమ్మడి చానెల్ అనిపించుకోదు. కెమెరా ఎవరి చేతిలో ఉందో వారి వాడే కనిపిస్తుందన్న మాట రాకూడదు. అందుకని ప్రతి వాడనుంచి, మహిళలనుంచి, యువతనుంచి చానెల్ సంఘంలో ప్రతినిధులుండాలి. ప్రసారాల వంతులను నెల ముందుగానే నిర్ణయించి, పంచాయతీ కార్యాలయం వద్ద రాసి పెట్టాలి. కెమెరా నడపడం ప్రతి వాడలోను ఇద్దరికైనా నేర్పాలి.

ప్రసారం మధ్యలో ఘర్షణ జరిగినా, ప్రమాదం జరిగినా, పసిపిల్లలను, స్త్రీలను అభ్యంతరకరంగా చూపే పరిస్థితి వచ్చినా, దాన్ని వెంటనే ఆపే అధికారం ఎవరికుందో ముందుగానే పేర్లతో నిర్ణయించాలి. ఆ సమయంలో చర్చకు వ్యవధి ఉండదు. ఆపినవారు మరునాడు సంఘానికి కారణం చెప్పాలి.

కాపీహక్కు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. జాతరలో మైకులో సినిమా పాట మోగుతుంటే అది మీ ప్రసారంలోకి కూడా వస్తుంది. పాట హక్కుదారులు అభ్యంతరం చెబితే ప్రసారం ఆగిపోవచ్చు. యూట్యూబ్‌లో 90 రోజులలో 3 కాపీహక్కు హెచ్చరికలు పడితే చానెల్‌ను మూసివేయవచ్చు. హెచ్చరిక పడేది పాట పెట్టిన వ్యక్తిమీద కాదు, చానెల్‌మీద. ఒక్కరి అజాగ్రత్తకు అందరి ఆస్తి పోతుంది. డప్పులు, భజనలు, మన ఊరివారే పాడే పాటలు ఉండగా వేరే పాటల అవసరమేమిటో ఆలోచించండి.

పిల్లలు ఉత్సాహంగా కెమెరా పట్టుకొంటారు. అయితే 2025 జులై 22 నుంచి యూట్యూబ్‌లో 16 ఏళ్ళు నిండనివారు స్వయంగా ప్రత్యక్ష ప్రసారం చేయడానికి వీలులేదు. వారికి చిత్రీకరణ నేర్పవచ్చు. ప్రసారం బాధ్యత పెద్దలే వహించాలి.

8. చానెల్ పరుల చేతిలో పడితే

‘మన చిన్న చానెల్‌తో ఎవరికేం పని?’ అని అనుకోకూడదు. 2024 సెప్టెంబరు 20న భారత సుప్రీంకోర్టు యూట్యూబ్ చానెల్‌నే దుండగులు వశపరచుకొన్నారు. రాజ్యాంగ ధర్మాసనాల విచారణలను ప్రజలు చూసే ఆ చానెల్‌లో ఒక క్రిప్టో కరెన్సీకి సంబంధించిన వీడియోలు కనిపించాయి. చానెల్‌ను తాత్కాలికంగా నిలిపివేసి, తరువాత పునరుద్ధరించారు. అంత పెద్ద సంస్థకు తప్పని ముప్పు మనకు తప్పుతుందనుకోలేం.

ఇలాంటి దాడులు ఎలా జరుగుతాయి? 2021లో గూగుల్ భద్రతా విభాగం ఒక పద్ధతిని వివరించింది. ‘మీ చానెల్‌లో ప్రకటన ఇస్తాం’ అంటూ ఒక ఈమెయిల్ వస్తుంది. దానిలోని లింకు ద్వారా ఒక ప్రోగ్రామును దించుకొని తెరిస్తే, అది కంప్యూటర్‌లో చేరి, మీరు అప్పటికే ఖాతాలో ప్రవేశించి ఉన్నారని తెలిపే గుర్తులను దొంగిలిస్తుంది. ఆ గుర్తులు దొరికితే పాస్‌వర్డ్ అడగకుండానే, రెండంచెల ధ్రువీకరణను కూడా దాటి, దొంగ లోపలికి వస్తాడు. ఆరుగురికీ యజమాని అధికారం ఉంటే ఆరు కంప్యూటర్లూ దొంగకు దారులే. ఒక్కరికో ఇద్దరికో మాత్రమే ఉంటే దారులు తగ్గుతాయి. అనుమతులను పరిమితం చేయడంలోని మరో ప్రయోజనం ఇదే.

చానెల్ చేయి దాటిందని తెలిసిన వెంటనే ఈ క్రమంలో చర్య తీసుకోండి:

(1) ఖాతాలోకి ఇంకా ప్రవేశించగలిగితే పాస్‌వర్డ్ మార్చి, ఇతర ఫోన్లు, కంప్యూటర్లనుంచి ఖాతాను బయటికి తెప్పించండి. అపరిచితుల అనుమతులు తీసివేయండి. స్ట్రీమ్ కీ రీసెట్ చేయండి.

(2) ప్రవేశించలేకపోతే గూగుల్ వారి ఖాతా పునరుద్ధరణ పద్ధతిని అనుసరించండి. దొంగ మీ ఫోన్ నంబరు మార్చివేసినా, మార్చిన 7 రోజులదాకా పాత నంబరుతో ప్రయత్నించే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆలస్యం తగదు.

(3) వీడియోలలో డబ్బు అడుగుతున్నట్లయితే అది మోసమని ఊరివారికి, దూరాన ఉన్నవారికి వెంటనే తెలపండి.

(4) జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ ప్రకారం నేరం. దీనికి 3 సంవత్సరాలదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా విధించవచ్చు.

పాఠగత ప్రశ్నలు – 3

ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి.

(అ) అత్యవసర సంకేతాలను ఎప్పుడు వాడతారు?
(ఆ) కాపీహక్కు హెచ్చరిక ఎవరిమీద పడుతుంది?
(ఇ) సైబర్ నేరాల సహాయ నంబరు ఏది?

సారాంశం

ప్రత్యక్ష ప్రసార చానెల్ సమాజపు ఉమ్మడి ఆస్తి. సామాజిక రేడియో అనుమతి సంస్థ పేరునే ఉండాలని ప్రభుత్వ నియమం ఉన్నది. ఇంటర్నెట్ చానెల్ మాత్రం ఒక వ్యక్తి ఖాతాలో పుడుతుంది కాబట్టి ఆ నియమాన్ని సమాజమే పెట్టుకోవాలి. ఒకే పాస్‌వర్డ్‌ను పలువురు వాడడం ప్రమాదకరం. ఎవరి ఖాతాతో వారు, తమ పనికి తగిన అనుమతితో చానెల్‌లో పనిచేయాలి. స్ట్రీమ్ కీని పని ముగిసిన తరువాత మార్చాలి. యాజమాన్యం సంఘానిదై ఉండాలి. బాధ్యులు మారినప్పుడు పుస్తకంలోను, తెరమీదను పేర్లు మార్చాలి. ప్రసారాలలో అన్ని వాడలకూ వంతు దక్కాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసి ఉండడం, అవసరమైనప్పుడు అది మరొకరి చేతికి సజావుగా మారడం – ఈ రెండూ ఉంటేనే చానెల్ ఊరందరిదని చెప్పగలం.

పాఠాంత ప్రశ్నలు

1. ఒకే పాస్‌వర్డ్‌ను పలువురు వాడడంవల్ల కలిగే నష్టాలను మీ సొంత మాటల్లో రాయండి.
2. పొదుపు సంఘం బ్యాంకు ఖాతాకు, ఊరి చానెల్‌కు ఉన్న పోలికలేవి? తేడాలేవి?
3. మీ ఊరిలో లేదా కాలనీలో చానెల్ ఉంటే దాని యజమాని ఖాతా ఎవరి పేరున ఉందో అడిగి తెలుసుకోండి. ఆ వ్యక్తి రేపు అందుబాటులో లేకపోతే ఏమవుతుందో రాయండి.
4. ఐదుగురు సభ్యుల చానెల్ సంఘానికి పనులు, అనుమతులు పంచుతూ ఒక తీర్మానం తయారుచేయండి.

పాఠగత ప్రశ్నల జవాబులు

1. (అ) ఎన్‌కోడర్ (ఆ) 1995 (ఇ) వ్యక్తులకు
2. (అ) సరికాదు (ఆ) సరైనది (ఇ) సరికాదు (ఈ) సరైనది
3. (అ) ధ్రువీకరణకు నమోదు చేసిన ఫోను అందుబాటులో లేనప్పుడు వాడతారు. (ఆ) చానెల్‌మీద పడుతుంది. (ఇ) 1930.